తిరగేసిన మంచం

మా ఊళ్ళో మంచాన్ని కాళ్ళు పైకి వచ్చేలా తిరగేసేది ఒక్క సందర్భంలోనే, మనిషి పోయినప్పుడు. పోయే ముందు మనిషిని మంచం మీంచి దించి నేల మీద పడుకోబెడతాం. పోయాక ఆ మంచాన్ని వాకిట్లో బోర్లా పడేస్తాం. మామూలు రోజుల్లో పిల్లలు ఆటకి మంచం తిరగేసినా వీపు మీద ఒకటి పడుతుంది. అలాంటిది మా తోడికోడలు పుసనీ వాకిట్లో మంచం ఇరవై ఏళ్ళకు పైగా బోర్లానే ఉంది. దాని మీద ఎప్పుడూ ఏదో ఒక సైకిల్ చక్రాలు పైకెత్తుకుని కనిపిస్తుంది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలు అది చూసి నోరు నొక్కుకుంటారు. వాళ్ళకి ఎవరూ కారణం చెప్పరు. చెప్పవలసింది నేను, ఎందుకంటే అందులో సగం తప్పు నాది.

నా పేరు ఎతవారీ. నాకు నోరెక్కువని మా ఊరు బేలాటాండ్ అంతా అంటుంది. అబద్ధమేమీ కాదు. పుసనీకి అసలు నోరే లేదు. కోపమొస్తే మాట్లాడడం మానేసి పని ఎక్కువ చేస్తుంది, అది చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది. తిట్టే మనిషితో పడగలను గానీ, మూతి బిగించుకుని నా కళ్ళముందే వాకిలి ఊడ్చుకునే మనిషితో ఎలా పడేది? మాకు జార్ఖండ్ వేరే రాష్ట్రమైన మరుసటి ఏడు, ఆమె మేక గోడ దూకి నా సొరపాదుని మొదలంటా నమిలేసింది. నేను మేకని ఒక మాట, ఆమెని పది మాటలు, ఆమె పుట్టింటివాళ్ళని ఇరవై మాటలు అన్నాను. తిరిగి ఒక్కటీ అనలేదు. మేకని గుంజకి కట్టేసి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత ఎనిమిది నెలలు నడుమెత్తు మట్టిగోడకి అటు ఆమె, ఇటు నేను, మాటా పలుకూ లేదు.

ఆమె భర్త బిగన్ నాకు మరిది, మా ఆయన పినతండ్రి కొడుకు. మా ఊరి మగవాళ్ళలో సగం మంది లాగే బొగ్గు సైకిల్ తోసేవాడు. మూసేసిన గనుల్లోంచి తవ్వితీసిన బొగ్గుని బస్తాలకెత్తి, రెండు క్వింటాళ్ళ పైన సైకిల్ మీద కట్టి, కొండమీది ఘాట్ రోడ్డు ఎక్కించి, రాంచీ దాకా రెండు రోజులు తోసుకుపోవడం వాళ్ళ పని. సైకిల్ ఫ్రేముకి అదనంగా ఇనుప కమ్మీలు అతికిస్తారు, చక్రాలకి లావు ఊచలు వేయిస్తారు. ఎక్కుడులో ఊపిరి తీసుకోవడానికి ఆగితే సైకిల్ కింద ఒక ఊతకర్ర పెట్టి నిలబెడతారు. ఆషాఢంలో ఒకరోజు వానకి మట్టి మెత్తబడి బిగన్ పెట్టిన కర్ర జారింది. సైకిల్, బొగ్గు కలిసి అతని ఎడమకాలి మీద పడ్డాయి. వెనకచక్రం ఇరుసు విరిగింది.

తోటివాళ్ళు మనిషినీ సైకిల్నీ మోసుకొచ్చి ఇంట్లో దించి, మర్నాడు మళ్ళీ బొగ్గు నింపుకుని వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పు పట్టను, ఒక్కరోజు ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఎముకలు కట్టే వైద్యుడు వచ్చి వెదురుబద్దలు పెట్టి గట్టిగా కట్టాడు. ఆ గట్టిగా కట్టడమే కొంప ముంచింది. నాలుగు రోజులు జ్వరంలో బిగన్ మూలిగే మూలుగు గోడ దాటి నాకు వినపడుతూనే ఉంది. వెళ్ళి చూద్దామా అనుకునేదాన్ని. ఆమె పిలవలేదు కదా అనుకునేదాన్ని. పిలిస్తే చాలు, పరిగెత్తేదాన్నే. అంత పొగరు నాకు.

నాలుగో రోజు పొద్దున్నే పిల్లలకి టీకాలు వేసే నర్సమ్మ ఊళ్ళోకి వస్తే పుసనీ ఆమెని బతిమాలి ఇంటికి తీసుకెళ్ళింది. అక్కడ జరిగినదంతా పుసనీ నాకు తర్వాత చెప్పింది.

నర్సమ్మ కట్టు విప్పి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "పాదం పోయినట్టేనమ్మా," అంది. "కుళ్ళు పైకి పాకుతోంది. మధ్యాహ్నంలోపు పెద్దాసుపత్రికి చేరిస్తే మోకాలు కింద తీసి వదిలేస్తారు. మధ్యాహ్నం దాటిందంటే మోకాలు కూడా పోతుంది. కుళ్ళు దాన్నీ దాటితే ఇక నేనేం చెప్పను."

మోకాలు ఉండడానికీ లేకపోవడానికీ ఎంత తేడానో మా వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్క ఊళ్ళో ఒకాయన మోకాలు కింద కొయ్యకాలు కట్టుకుని ఇప్పటికీ బొగ్గు తోస్తున్నాడు. మోకాలు లేనివాడు తోసింది ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

"మధ్యాహ్నం అంటే ఎలాగమ్మా? జీపు రాదు కదా," అంది పుసనీ.

వానలకి ఊరికి వచ్చే దారిలో కల్వర్టు కొట్టుకుపోయి ఇరవై రోజులైంది. ఘాట్ ఎక్కి ఆరు కిలోమీటర్లు నడిస్తే గానీ పెద్ద రోడ్డు రాదు. నర్సమ్మ నొప్పికి సూది వేసి సంచీ సర్దుకుంది. "మీ మగవాళ్ళు ఇవాళే కదా రాంచీ నుంచి తిరిగొచ్చేది. పైన కనపడితే పరిగెత్తి రమ్మంటాను. నువ్వు మాత్రం వాళ్ళ కోసం కూర్చోకు," అని చెప్పి వెళ్ళింది.

పుసనీ కూర్చోలేదు. మోసే మగవాళ్ళు లేరు. మిగిలినవాళ్ళు కొందరు సూరత్‌లో, కొందరు పంజాబ్‌లో ఉన్నారు, మా ఆయన ధన్‌బాద్‌లో. నలుగురు ఆడవాళ్ళం మంచానికి భుజం పట్టలేమా అంటే పట్టగలం. కానీ మొదటి భుజం గోడకి ఇవతల ఉన్న నాది. ఆమె అడగలేదు. అడిగే ముఖం నేనే లేకుండా చేశాను. ఇక మిగిలింది సైకిల్ ఒక్కటే. రెండు క్వింటాళ్ళు మోసేది, యాభై కిలోల మనిషిని మోయదా అనుకుంది. ఇరుసు మార్చాలి అంతే. కొత్త ఇరుసు బిగన్ డబ్బాలో ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ఎలా మార్చాలో పదహారేళ్ళుగా చూస్తోంది, చేత్తో మాత్రం ఎప్పుడూ చేయలేదు.

సైకిల్ బాగుచేసేవాళ్ళు దాన్ని కొమ్మకో దూలానికో తాడేసి వేలాడదీస్తారు. పుసనీ వసారా దూలం చెద తినేసింది, తాడు వేస్తే కప్పు కిందకి వచ్చేలా ఉంది. సైకిల్ని నేల మీద బోర్లా పెడదామంటే పక్క కమ్మీలు అడ్డమొచ్చి ఒకవైపు ఒరిగిపోతోంది, వాకిలంతా బురద. రెండుసార్లు పెట్టింది, రెండుసార్లూ పడింది. రెండోసారి దాంతోపాటు తనూ పడింది. లేచి చుట్టూ చూస్తే ఇంట్లో నాలుగు కాళ్ళూ గట్టిగా ఉన్న వస్తువు ఒకటే కనిపించింది. దాని మీద భర్త పడుకుని ఉన్నాడు.

"వింటున్నారా, కాసేపు కిందకి దించుతాను," అంది.

బిగన్ కళ్ళు తెరిచి ఆమె చూస్తున్న వైపు చూశాడు. అర్థమైంది. "నేనుండగానే మంచం తిరగేస్తావా?"

"మీరు ఉండాలనే తిరగేస్తున్నా."

ఆమె పెళ్ళయ్యాక మొగుడికి ఎదురు చెప్పిన మొదటి మాట అదేనట. అతన్ని వసారాలో నేల మీద గోనె పరిచి దించింది. వణుకుతున్నాడని గడ్డం దాకా దుప్పటి కప్పింది. ఈగలు వాలుతున్నాయని దాన్ని ముక్కు దాకా లాగింది. మంచాన్ని వాకిట్లోకి ఈడ్చి తిరగేసింది. రెండు వెదురు బొంగులు తెచ్చి అటో బొంగు ఇటో బొంగు మంచం పొడుగునా కాళ్ళకి తాడుతో బిగించి కట్టింది. సైకిల్ హ్యాండిల్ ఒక బొంగు మీద, సీటు ఇంకో బొంగు మీద ఆనితే చక్రాలు గాలిలో నిలబడతాయి. ఊచల మధ్య చెయ్యి దూరడానికి గాజులు అడ్డమని తీసి గడప మీద పెట్టింది. సూది మందుకి బిగన్ నిద్రలోకి జారాడు, మూలుగు ఆగింది. ఆమె సైకిల్ తేవడానికి ఇంటి వెనక్కి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడు నేను గోడ మీంచి తల ఎత్తాను.

మూలుగు ఆగిపోయిందేమిటని చూశాను. వాకిట్లో బోర్లా పడ్డ మంచం, దానికి తాళ్ళతో కట్టిన రెండు వెదురు బొంగులు. వసారాలో నేల మీద ముఖం దాకా దుప్పటి కప్పిన మనిషి. గడప మీద గాజులు. మీరైతే ఏమనుకుంటారు? మా ఊళ్ళో పుట్టిన ఎవరైనా అదే అనుకుంటారు. ఎనిమిది నెలల పగ ఒక్కసారి కరిగి కంఠంలోకి వచ్చింది. గోడ పట్టుకుని ఏడుపు ఎత్తాను.

మా ఊళ్ళో చావు ఏడుపు ఒక గొంతులో ఆగదు. ఒకరు ఎత్తితే పక్కింటివాళ్ళు అందుకోవాలి, వాళ్ళ నుంచి ఆ పక్కవాళ్ళు. బుధియా ముసలమ్మ వస్తూ వస్తూనే బిగన్ మంచితనం మీద రాగం తీసింది. బతికున్నప్పుడు అతనికి గుక్కెడు గంజి పోయని మనిషి. పది మంది ఆడవాళ్ళం తలలు బాదుకుంటూ వాకిట్లోకి వచ్చి పడ్డాం. అంతలో ఇంటి వెనక నుంచి పుసనీ భుజాన సైకిల్ వేసుకుని వచ్చింది, మోచేతుల దాకా నల్లటి జిడ్డు. మమ్మల్ని చూసి ఆగింది.

"ఎవరు పోయారక్కా?" అంది నాతో. ఎనిమిది నెలల తర్వాత నాతో అన్న మొదటి మాట.

నాకు నోట మాట రాలేదు. నా అంతటిదానికి. దుప్పటి కదిలి బిగన్ ముఖం బయటికి వచ్చింది. "వదినా," అన్నాడు నీరసంగా, "నా కోసం నువ్వు ఏడుస్తావని అనుకోలేదు. బుధియా పిన్నీ, ఆపావేం, బాగుంది, ఇంకొంచెం పాడు."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒకరిద్దరు నవ్వారు, ఆ నవ్వు ఆగకముందే అతని కాలు చూసి తలలు తిప్పుకున్నారు. పుసనీ ఎవరినీ తిట్టలేదు. "అక్కా, ఈ వైపు పట్టు," అంది. నేను పట్టాను. సైకిల్ని బొంగుల మీదికి ఎత్తి కట్టాం. అటూ ఇటూ ఊగకుండా ఆమె ఒక కర్ర తెచ్చి ఫ్రేముకీ మంచంపట్టెకీ మధ్య బిగించింది. అది ఆ రోజు జారిన ఊతకర్రే. దాన్ని చూస్తే నాకు చిరాకేసింది.

చక్రం నేను పట్టుకున్నాను, పాత ఇరుసు ముక్కలు ఆమె లాగింది. బిగన్ నేల మీంచి చెబుతున్నాడు, మధ్యలో మాట తప్పుతోంది, మళ్ళీ అందుకుంటున్నాడు. ఆమె వేళ్ళు చిట్లి రక్తం జిడ్డులో కలిసింది. ఒకసారి ఇరుసు చుట్టూ ఉండే చిన్న ఇనుప గుళ్ళన్నీ జారి బురదలో పడ్డాయి. పుసనీ మోకాళ్ళ మీద కూలబడి బురదని గుప్పిళ్ళతో పిసుకుతూ ఒక్కొక్కటీ ఏరింది. "ఒకటి తక్కువైంది," అంది. అందరం బురదలో చేతులు పెట్టాం. దొరకలేదు. ఆ ఒకటి లేకుండానే బిగించింది. చక్రం తిప్పితే గరగరమంది గానీ తిరిగింది. పొద్దెక్కింది.

బిగన్‌ని సైకిల్ మీద కూర్చోబెట్టి మంచం తాడుతోనే కట్టాం. కాలు కదలకుండా ఊతకర్రకి చుట్టాం. పుసనీ ముందు హ్యాండిల్ పట్టింది, వెనక నేను తోశాను. బుధియా ముసలమ్మ సత్తుపిండి మూట కట్టిచ్చింది. మిగిలినవాళ్ళలో ఒకరికి పసిబిడ్డ, ఒకరికి నిండు నెలలు, ఇంకొందరు వాగు దాకా వచ్చి ఆగిపోయారు. మాకు పెద్ద బెంగ లేదు. నర్సమ్మ చెప్పి ఉంటుంది, మగవాళ్ళు దారిలోనే ఎదురవుతారు, వాళ్ళ చేతిలో పెడితే గంటలో పైకి చేరుస్తారు. ప్రతి మలుపులోనూ ఇప్పుడు కనపడతారు, ఇప్పుడు కనపడతారు అనుకుంటూ తోశాం.

మూడో మలుపు దాటాక నాకు హఠాత్తుగా మా మామగారు గుర్తొచ్చారు. ఆయనకి చెవులు సరిగా పనిచేయవు, చావు ఏడుపు మాత్రం ఎంత దూరంలో ఉన్నా వినపడుతుంది. ఏడుపు వినపడగానే తువ్వాలు భుజాన వేసుకుని పై పల్లెలో మా కులంవాళ్ళకి కబురు చెప్పడానికి బయల్దేరడం ఆయన పద్ధతి. పొద్దున వాకిట్లో ఆయన లేరు. అడ్డదారిన కొండెక్కితే బొగ్గువాళ్ళు దిగే సమయానికి సరిగ్గా పై పల్లెలో ఉంటారు. కబురు తప్పని చెప్పడానికి వెనక నుంచి ఎవర్నీ పంపలేదు. ఎవరికీ తట్టలేదు. తట్టవలసింది నాకు.

వాళ్ళు ఎందుకు రావడం లేదో నాకు అర్థమైపోయింది. చనిపోయినవాడి కోసం ఎవరూ పరిగెత్తుకు రారు. బజారుకి వెనక్కి తిరిగి గుడ్డ కొంటారు, వెదురు కొడతారు, కుండ తెస్తారు. అన్నీ అమర్చుకుని తాపీగా వస్తారు.

"అక్కా, వీళ్ళింకా రారేం?" అంది పుసనీ వెనక్కి తిరగకుండా.

"వస్తారు," అన్నాను.

చెప్పలేదు. నేను ముందు పరిగెత్తి వాళ్ళని ఆపాలంటే వెనక తోసేవాళ్ళు లేరు. చెప్పి ఇక్కడే ఉంటే ఆమె ఒళ్ళు సడలిపోతుందేమోనని భయం. ఇవన్నీ నిజమే. అన్నిటికన్నా పెద్ద నిజం, నేనే ఏడ్చానని నా నోటితో చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. తల దించుకుని తోశాను.

వాన మొదలైంది. చక్రం బురదలో దిగబడితే రాళ్ళు వేసి లాగాం. ఆగినప్పుడల్లా సైకిల్‌కి ఊత కావాలి. ఊతకర్ర బిగన్ కాలికి ఉంది, ఇంకో కర్రని పుసనీ నమ్మదు. అందుకని నేనే వీపు ఆనించి నిలబడేదాన్ని. బిగన్ తల నా భుజం మీద వాలేది, ఒళ్ళు కాలిపోయేది. మొదట్లో "జీరాని పిలవండి" అన్నాడు. జీరా వాళ్ళ పెద్దకూతురు, మేనమామ ఇంట్లో ఉంది. తర్వాత ఏమీ అనలేదు. పుసనీ దారి పొడుగునా "జీరా వాళ్ళ నాన్నా, వింటున్నారా, జీరా వాళ్ళ నాన్నా" అంటూనే ఉంది. పలకడం మానేశాడు. మబ్బుల వెనక పొద్దు నడినెత్తి దాటిపోయింది. ఆమె కూడా చూసింది. ఇంకా గట్టిగా లాగింది.

ఐదో మలుపులో ఎదురయ్యారు. ముందు మా మామగారు, వెనక బిగన్‌తో బొగ్గు తోసే మంగర్, ఇంకా నలుగురు. మంగర్ చేతిలో మడత విప్పని కొత్త గుడ్డ, ఇద్దరి భుజాల మీద పచ్చి వెదురు, ఒకరి చేతిలో కుండ. సైకిల్ మీద తాడుతో కట్టి ఉన్న బిగన్‌ని చూసి అందరూ రాళ్ళలా నిలబడిపోయారు. తల వేలాడుతోంది, కళ్ళు మూసి ఉన్నాయి. ఆడవాళ్ళు శవాన్ని కట్టి తీసుకొస్తున్నారని అనుకున్నారు. ఒకడు అడుగు వెనక్కి వేశాడు.

"వదినా, మేం వస్తున్నాం కదా," అన్నాడు మంగర్ పుసనీతో. "ఇలా సైకిల్ మీద తేవాలా వాణ్ణి? ఏటి దగ్గర కట్టెలు పెట్టమని చెప్పే వచ్చాం."

పుసనీ వాళ్ళ చేతుల్లో ఉన్నవి ఒక్కొక్కటీ చూసింది. గుడ్డ, వెదురు, కుండ. ఆఖరికి మా మామగారి తువ్వాలు. మా ఆడవాళ్ళం మొగుడి పేరు నోట పలకం, చచ్చినా పలకం. పదహారేళ్ళలో ఆమె ఎప్పుడూ పలకలేదు.

"బిగన్ మహతో బతికే ఉన్నాడు," అంది. గొంతు పెంచను కూడా లేదు. "బిగన్, కళ్ళు తెరువు. వీళ్ళకి చూపించు."

బిగన్ కళ్ళు తెరిచాడు. జ్వరానికి తెరిచాడో, ఆ పేరు ఆ నోట విని తెరిచాడో నాకు తెలియదు. మా మామగారు బురదలో కూలబడి చెవులు మూసుకున్నారు. "ఆ బొంగులు ఇటు దించండి. గుడ్డ కట్టండి," అంది పుసనీ. పాడె కోసం కొట్టిన వెదురుకి, శవానికి చుట్టే కఫన్ గుడ్డని ఉయ్యాలలా కట్టి, బిగన్‌ని అందులో వేసుకుని ఐదుగురూ పరుగెత్తారు. వెనక మేమిద్దరం, మా వెనక మామగారు. పరిగెత్తుతూనే మంగర్ అంతా చెప్పాడు. నర్సమ్మ పెద్ద రోడ్డు మీదే కనపడి త్వరగా వెళ్ళమందట. దిగుతుంటే పై పల్లెలో మామగారు ఎదురయ్యారట. "నీకెవరు చెప్పారు పెద్దయ్యా?" అని అడిగితే, "ఎతవారీ ఏడ్చింది కదా" అన్నారట.

పుసనీ వింది. నేను పక్కనే ఉన్నాను.

పెద్దాసుపత్రి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. డాక్టరు దుప్పటి తీసి చూశాడు. "మోకాలు పైకి తీసేయాలి," అన్నాడు. "ఇంకో నాలుగు గంటల ముందు తెచ్చుంటే మోకాలు మిగిలేది. నర్సు పొద్దున్నే చెప్పిందట కదా. ఇంతసేపు ఏం చేశారు?"

మా మామగారు నేల చూశారు. మంగర్ నన్ను చూశాడు. పుసనీ కూడా నన్నే చూసింది, గాజుల్లేని చేతుల్ని కొంగుకి తుడుచుకుంటూ.

"దారి బాగాలేదు డాక్టరు బాబూ," అంది.

ఆ రోజు నన్ను అందరి ముందు చెడామడా తిట్టి ఉంటే నేనూ తిరిగి నాలుగు అనేదాన్ని, ఏడ్చేదాన్ని, ఎప్పటికో ఒకప్పటికి సర్దుకునేది. ఆమె తిట్టలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు బొగ్గు సైకిల్ తోసేది పుసనీయే, మా ఘాట్ ఎక్కే మగవాళ్ళ మధ్య ఒక్కతే ఆడమనిషి. బిగన్ వాకిట్లో గోనె మీద కూర్చుని, ఆ తిరగేసిన మంచం మీద అందరి సైకిళ్ళూ బాగుచేస్తాడు. బురదలో పోయిన ఆ ఇనుప గుండు కోసం నేను ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ వాకిట్లో మట్టి కెలుకుతుంటాను. ఎందుకో అడిగితే చెప్పలేను.

ఆసుపత్రి నుంచి వాళ్ళు తిరిగొచ్చిన రోజే నా మంచం వాళ్ళింటికి పంపాను. పుసనీ తీసుకుంది. అప్పటి నుంచి నేను నేల మీదే పడుకుంటున్నాను. మా కోడలికి అది నచ్చదు. "బతికుండగా ఈ నేల మీద పడకేంటత్తయ్యా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అంటుంది. అనుకోనీ అంటాను. చూసినవాళ్ళకి ఏడుపొస్తే, ముందు లోపలికొచ్చి నన్ను ఒకసారి పేరు పెట్టి పిలిచి చూడమని చెప్పమంటాను.